తీగలు పక్కన పెట్టండి

సెమీ మాడ్యులర్ సింథసైజరు కొత్తగా కొన్నవారికి నలుదిక్కుల నుంచీ వచ్చిపడే సలహా ఒకటున్నది. "పెట్టె విప్పండి, సంచీలోంచి తీగలు తీయండి, ఒక కొస ఈ జాక్‌లో, ఇంకో కొస ఆ జాక్‌లో గుచ్చండి, నాబ్‌ను గడియారంలో రెండు గంటల దాకా తిప్పండి, ఇదిగో మోత!" ఈ సలహా తప్పు. కొంచెం తప్పు అని మొహమాటానికి కూడా అనలేను, మొదలంటా తప్పు. ఆ యంత్రాన్ని ఏ ఉద్దేశంతో అలా నిర్మించారో సరిగ్గా ఆ ఉద్దేశాన్నే చెరిపేసే సలహా. కొత్తవాడు మొదట నేర్వవలసినది, తీగ గుచ్చకముందే లోపల ఏవేవి కలిసి ఉన్నాయో చెవితో కనిపెట్టడం. నన్నడిగితే మొదటి నెలరోజులూ ఆ తీగల సంచీని అటక మీద పెట్టమంటాను.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పడానికి ముందు ఆ వస్తువేమిటో కాస్త చెప్పాలి. తెలిసినవారు రెండు పేరాలు దాటేయవచ్చు.

1964లో రాబర్ట్ మోగ్ మొదలుపెట్టిన మాడ్యులర్ సింథసైజరు అరల అల్మరా వంటిది. శబ్దాన్ని పుట్టించే డోలకం ఒక అరలో, దాన్ని వడకట్టే ఫిల్టరు ఇంకొక అరలో, బిగ్గరతనాన్ని అదుపు చేసే వర్ధకం వేరొక అరలో. వాటి మధ్య చుట్టరికమేమీ లేదు. మనిషి వచ్చి తీగతో కలిపితే తప్ప ఆ అల్మరా నోరు విప్పదు. (మనవాళ్ళు చాలామంది 'మూగ్' అని రాస్తారు. ఆయన మాత్రం తన ఇంటిపేరును 'మోగ్' అనే పలికేవాడు. తెలుగువాడికి ఇంతకంటే అదృష్టం ఏముంది? మూగ ఎక్కడ, మోగడం ఎక్కడ!) 1970లో వచ్చిన మినీమోగ్ దీనికి పూర్తిగా ఎదురు. అందులో తీగల బెడదే లేదు, ముఖ్యమైన సంబంధాలన్నీ కర్మాగారంలోనే బిగించేశారు. వాయించేవాడికి సుఖమే కానీ, దారి మార్చాలనుకున్నవాడికి గోడ అడ్డం వస్తుంది.

ఈ రెండింటి నడుమ పుట్టినవి సెమీ మాడ్యులర్ యంత్రాలు. 1971 నాటి ఆర్ప్ 2600, 1978 నాటి కోర్గ్ ఎమ్మెస్-20, మన కాలానికి వస్తే 2015లో వచ్చిన మోగ్ మదర్-32, 2016లో వచ్చిన మేక్ నాయిస్ వారి జీరో-కోస్ట్ ఈ కోవలోవి. వీటిలో సంబంధాలు ముందే వేసి ఉంటాయి, అయినా ముఖ్యమైన కూడళ్ళన్నిటా ఒక్కొక్క జాక్ ఉంటుంది. తీగ లేకుండానే మోగుతుంది, తీగ పెడితే దారి మారుతుంది. తెలుగులో దీనికి 'అర్ధ' అని మొదలయ్యే సంస్కృత సమాసం ఒకటి కట్టవచ్చు. ఆ పని ఉత్సాహవంతులకు వదిలిపెడుతున్నాను, ఎందుకంటే నా తగాదా పేరుతో కాదు.

ఇక ఆ జాక్ సంగతి. దాని లోపల చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. పిన్ను లేనప్పుడు ఆ రేకు పక్కనున్న మరొక రేకును తాకుతూ ఉంటుంది, ఆ తాకిడి గుండానే లోపలి సంకేతం ప్రవహిస్తుంది. పిన్ను దూర్చగానే రేకు లేచిపోతుంది. పాత సంబంధం తెగి, పిన్నులో వచ్చిన కొత్త సంకేతం ఆ స్థానంలో కూర్చుంటుంది. ఇది సింథసైజర్లవారు కనిపెట్టిన విద్య కాదు. 19వ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టిన జాక్, రికార్డింగు స్టూడియోల మీదుగా వీరి దాకా వచ్చింది. మన పల్లెల భాషలో చెప్పాలంటే, తూముకు కొత్త చెరువు నీరు మళ్ళించిన క్షణానే పాత చెరువు దారి దానంతటదే మూసుకుపోతుంది. వచ్చిన కొత్త నీటిని చూసి మురిసేవాడికి, అంతకుముందు ఎక్కడినుంచి ఏ నీరు వస్తుండేదో, అది ఆగిందో లేదో పట్టదు.

తీగల వంటకాలు చెప్పేవారితో నా పేచీ సరిగ్గా ఇక్కడే. వారు ఏది దేనితో కలిసిందో చెబుతారు. ఏది దేనినుంచి తెగిందో చెప్పరు. సెమీ మాడ్యులర్ యంత్రంలో ఈ రెండవది తెలియకపోతే మొదటిది తెలిసినట్టు కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మదర్-32లో మిక్స్ అనే నాబ్ ఉన్నది. ఒక వైపు తిప్పితే డోలకపు స్వరం, మరొక వైపు తిప్పితే రొద. జల్లు పడుతుండగా రేకుల కప్పు కింద కూర్చున్నప్పుడు వినిపించే లాంటి రొద, నాయిస్ అంటారు దాన్ని. ఈ రొదను మిక్స్ నాబ్ దాకా మోసుకొచ్చే తీగ బయటికి కనపడదు. బయటి శబ్దాన్ని లోపలికి పంపడానికి పెట్టిన ఎక్స్‌టర్నల్ ఆడియో జాక్ మీదుగా అది వస్తున్నది. ఆ జాక్‌లో పిన్ను పెట్టిన మరుక్షణం రొద పోతుంది. వంటకం చూసి గుచ్చినవాడికి యంత్రం పాడైనట్టు తోస్తుంది, మాన్యువల్ వెతుక్కుంటాడు, లేదా అమ్మినవాడికి ఫోను చేస్తాడు. అంతకుముందు కొన్నాళ్ళు ఆ నాబ్‌తో కాలక్షేపం చేసినవాడు మాత్రం 'ఓహో, ఇన్నాళ్ళూ ఇది ఈ దారిన వచ్చేదన్నమాట' అనుకుంటాడు.

పోనీ, అన్ని జాక్‌లూ ఇలాగే తెంచుతాయా? తెంచవు. అదే యంత్రంలో డోలకపు స్వరాన్ని మార్చే జాక్ పాతదాన్ని తెంచదు, దానికి కూడుతుంది. మీట నొక్కితే వచ్చిన వోల్టేజికి తీగలో వచ్చిన వోల్టేజి కలిసి, ఆ మొత్తం డోలకాన్ని నడుపుతుంది. ఫిల్టరు కటాఫ్‌ది కూడా ఇదే తీరు. అందుచేత ఏ జాక్ ముందు నిలబడినా కొత్తవాడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న: ఇది తెంచేదా, కూడేదా? నేను చూసిన వంటకాల వీడియోలలో ఈ ప్రశ్న ఒక్కసారైనా చెవిన పడలేదు. పదిహేను నిమిషాలలో పది మోతలు వినిపించాలన్న హడావిడిలో ఉన్నవారికి దానికి తీరికెక్కడ?

సరే, తీగ ముట్టకుండా నెలరోజులు ఏం చేయాలి పాపం అంటారా? బోలెడు పని ఉన్నది. నాకు బాగా తెలిసినది కనుక మదర్-32నే తీసుకుంటాను.

మొదట వి.సి.ఎ. స్విచ్చును 'ఆన్' వైపు పెట్టండి. వర్ధకం తలుపు బార్లా తెరుచుకుంటుంది. మీట నొక్కినా నొక్కకపోయినా శబ్దం తంబురలా ఆగకుండా మోగుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు దీనికి విసుక్కుని వెంటనే స్విచ్చు మార్చేస్తారు. మార్చకండి. వినడానికి ఇంతకంటే మంచి స్థితి లేదు, ఎందుకంటే మారేది మీ చేయి తిప్పే నాబ్ ఒక్కటే.

తరంగం స్విచ్చుకు రెండు వైపులు: ఒకటి రంపపు పళ్ళ ఆకారం, రెండవది పల్స్. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి అనుస్వరాలన్న మాట గుర్తుండే ఉంటుంది (సున్న కాదండోయ్! మూలస్వరపు పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లలో పైన సన్నగా మోగే స్వరాలు). రంపపు తరంగంలో అవన్నీ ఉంటాయి, రెండవది సగం బలంతో, మూడవది మూడోవంతు బలంతో, అలా పైకి పోయేకొద్దీ పలచబడుతూ. పల్స్ వెడల్పును సరిగ్గా సగానికి పెడితే సరిసంఖ్యవి మాయమై బేసివి మాత్రం మిగులుతాయి. స్వరం లోపల బోలుగా, వెదురు గొట్టంలో ఊదినట్టు అవుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివినవాడు మార్కులు తెచ్చుకుంటాడు. పల్స్ విడ్త్ నాబ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఆ సరిసంఖ్య స్వరాలు జారిపోయే చోటును చెవితో పట్టుకున్నవాడికి, ఆ తర్వాత ఏ సినిమా పాటలో ఆ బోలు శబ్దం వినిపించినా అది ఎలా పుట్టిందో చెప్పకుండానే తెలుస్తుంది.

తర్వాత ఫిల్టరు. మోగ్‌కు 1969లో పేటెంటు వచ్చిన ట్రాన్సిస్టర్ల నిచ్చెన వంశానిదే ఇది. కటాఫ్ నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, అక్కడినుంచి నిమిషం పట్టేటంత నిదానంగా కుడికి తిప్పండి. ఒక్కొక్క అనుస్వరమూ తెర తొలగించుకుని బయటికొస్తుంది. రెజొనెన్స్ పెంచి మళ్ళీ అలాగే తిప్పితే ఒక్కొక్కటీ విడివిడిగా ఈల వేసినట్టు వినపడుతుంది: షడ్జం, పై షడ్జం, దాని పైన పంచమం, మళ్ళీ షడ్జం, ఆపైన అంతర గాంధారం. తంబుర బ్రిడ్జి మీది నూలుపోగును సవరిస్తుండగా పక్కన కూర్చుని విన్నవారికి ఈ వరుస కొత్త కాదు. ఎవరూ మీటని గాంధారం తంబురలో ఎలా మోగుతుందని చిన్నప్పుడు అడిగితే నాకు భక్తిపరమైన సమాధానాలు చాలా వచ్చాయి. ఈ నాబ్ ఇచ్చినంత సూటి సమాధానం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆపైన ఎల్.ఎఫ్.ఓ., అంటే నెమ్మదిగా ఊగే రెండవ డోలకం. అది స్వయంగా వినిపించడానికి కాక వేరొక దాన్ని ఊపడానికి ఉన్నది. దాని తోడు ఎన్వలప్, మీట నొక్కినప్పుడల్లా ఒకసారి లేచి పడే వోల్టేజి అల. ఈ రెండింటినీ స్వరానికి గానీ, పల్స్ వెడల్పుకు గానీ, ఫిల్టరుకు గానీ కలపడానికి తీగ అక్కరలేదు, స్విచ్చులే చాలు. రెండు వైపుల స్విచ్చులు అరడజనుకు పైగా ఉన్నాయి. అరడజనే అనుకున్నా 64 దారులు. ఒక్క తీగ గుచ్చకుండా 64! రోజుకు రెండు చొప్పున విన్నా నెల సరిపోదు. ప్రతి స్విచ్చునూ మార్చి విని, అది లోపల ఏ తీగను ఎక్కడినుంచి ఎక్కడికి జరిపిందో కాగితం మీద గీయండి. గీసిన తర్వాతనే మాన్యువల్‌లోని పటంతో సరిచూసుకోండి. ఈ వరుస తారుమారు చేస్తే లాభం సగానికి పడిపోతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. ఆర్ప్ 2600 చేసినవారు ముఖఫలకం మీదనే, పిన్ను లేనప్పుడు ఏ జాక్‌కు ఏ సంకేతం వస్తుందో చిన్న గుర్తులతో అచ్చువేశారు. ఎమ్మెస్-20 కుడివైపు పలక మీద లోపలి అమరికను గీతలతో చూపించారు. కనిపించని తీగలను కనిపించేలా చేయడం వారికి అంత ముఖ్యంగా తోచింది. వారు అంత శ్రమపడి పలక మీద రాసిన పాఠాన్ని, ఈనాటి గురువులు తీగలు అడ్డంగా వేలాడదీసి కప్పేస్తున్నారు. (సాలెగూడులా తీగలు వేలాడే ఫొటో లేనిదే వీడియోకు ప్రేక్షకులు రారేమో, అది వేరే సంగతి.)

ఇక మొదటి తీగ. నెల గడిచింది, సంచీ దించారు. ఎక్కడ పెట్టాలి?

చాలామంది పెట్టేది ఎల్.ఎఫ్.ఓ. నుంచి డోలకపు స్వరపు జాక్‌కు. పెట్టగానే అగ్నిమాపక శకటం కూత వినిపిస్తుంది. కొత్తవాళ్ళ వీడియోలలో సగానికి పైగా ఈ కూతతోనే నిండి ఉంటాయి. ఎందుకలా అయిందో చూద్దాం. ఈ యంత్రంలో ఒక స్థాయికి ఒక వోల్టు లెక్క. మంద్ర షడ్జానికీ మధ్య షడ్జానికీ మధ్య ఒక వోల్టు తేడా. దాన్ని 12 స్వరస్థానాలకు సమంగా పంచితే ఒక్కొక్కదానికి సుమారు 83 మిల్లీవోల్టులు. ఎల్.ఎఫ్.ఓ. నుంచి వచ్చే ఊపు కొన్ని వోల్టుల మేర ఉంటుంది, అంటే కొన్ని స్థాయిల మేర. మనకు ఒక కంపితం కావాలంటే ఆ ఊపు ఒక స్వరస్థానానికి అటూ ఇటూగా, నూరు మిల్లీవోల్టుల లోపల ఉండాలి. కాబట్టి తీగ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కంటే, అందులో వచ్చేదాన్ని ఎంతకు తగ్గించాలన్నది పెద్ద ప్రశ్న. నెలరోజులు మాడ్ అమౌంట్ నాబ్‌ను తిప్పుతూ చెవి పెట్టినవాడికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు. చేతికే తెలుసు.

మన సంగీతం ఎరిగినవారు ఇక్కడ ఇంకొంచెం ఆగవచ్చు. సమంగా పంచిన లెక్కలో షడ్జం నుంచి అంతర గాంధారానికి 333 మిల్లీవోల్టులు. తంబురలో తనంతట తాను మోగే గాంధారానికి, అంటే 5/4 నిష్పత్తికి, లెక్కగడితే 322 వస్తుంది. తేడా 11 మిల్లీవోల్టులు. పంచమంలో ఈ తేడా రెండు మిల్లీవోల్టులకు లోపే. మామూలు కీబోర్డు మీటకు ఈ పదకొండు దాటే దారి సులువుగా దొరకదు, నాబ్ కయితే వేలి కొస కదిపితే చాలు. గ్లైడ్ అని రాసి ఉన్న నాబ్ మన జారు. కానీ యంత్రం వేసే కంపితం గడియారపు లోలకంలా సమంగా ఊగుతుంది, తోడి గాంధారాన్ని అలా ఊపితే వినేవారు లేచి వెళ్ళిపోతారు. ఊపు మెల్లగా మొదలై, పెరిగి, నిలవాలంటే ఎల్.ఎఫ్.ఓ. పరిమాణాన్ని ఎన్వలప్ చేత నడిపించాలి. దానికి మదర్-32లో మూడు తీగలు చాలు. ఆ మూడూ ఎక్కడెక్కడ పెట్టాలో మాత్రం ఇక్కడ రాయను, రాస్తే ఇదీ ఒక వంటకమైపోతుంది. నెలరోజులు తీగ ముట్టనివాడు ఒక సాయంత్రంలో కనిపెట్టగలడు.

ఇక అభ్యంతరాలు.

"వంట కూడా ఒకరు చెప్పినట్టు చేసే కదా నేర్చుకుంటాం" అంటారు వంటకాల పక్షంవారు. ఉపమానం అందంగానే ఉన్నది, అతకదు. చారు కాచడం నేర్చుకునేవాడు అన్నప్రాశన నాటినుంచీ చారు తాగినవాడు. పులుపు తగ్గితే అతని నాలుకకు తెలుస్తుంది, వంటకంలో రాసింది తప్పైతే సరిదిద్దుకుంటాడు. ఫిల్టరు ఒంటరిగా ఎలా మోగుతుందో ఎన్నడూ విననివాడు, వచ్చిన మోత సరైనదో కాదో దేనితో సరిచూసుకుంటాడు? వీడియోలోని మోతతో. అది తప్ప వాడి దగ్గర కొలత లేదు.

పైగా ఈ వంటకాలు ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి పనికిరావు. మదర్-32లో స్థాయికి ఒక వోల్టు అన్నాను కదా, ఎమ్మెస్-20లో లెక్కే వేరు. అక్కడ వోల్టేజి రెట్టింపయితే స్థాయి ఒకటి పెరుగుతుంది. ఒకదాని వరుసను రెండవదానికి తీగతో పంపితే అపశ్రుతే గతి. మీట నొక్కినట్టు తెలిపే సంకేతం కూడా రెంటిలో వేరు: ఒకటి వోల్టేజి పెంచి తెలుపుతుంది, రెండవది సంకేతాన్ని భూమికి కలిపి తెలుపుతుంది. జీరో-కోస్ట్ సంగతి చెప్పనే అక్కరలేదు, 'కటాఫ్ తిప్పండి' అనే వంటకం పట్టుకుని దాని ముందు కూర్చుంటే అందులో మోగ్ తరహా ఫిల్టరే లేదు. అమెరికా తూర్పు తీరపు మోగ్ సంప్రదాయానికీ పడమటి తీరపు బుక్లా సంప్రదాయానికీ దేనికీ చెందనని ఆ యంత్రం పేరులోనే చెప్పుకున్నది. వంద వంటకాలు కంఠతా పట్టినవాడు యంత్రం మార్చిన రోజున మళ్ళీ ఓనమాలకు వస్తాడు. కనిపించని తీగలను వెతకడం అలవాటైనవాడికి ఆ వెతకడం ఎక్కడైనా పనికొస్తుంది.

నాకు తెలిసిన ఒకాయన, మంచి చెవి ఉన్నవాడు, దిగుమతి సుంకంతో సహా కట్టి ఇటువంటి యంత్రమొకటి తెప్పించుకున్నాడు. రెండు నెలలు రోజుకొక వంటకం చొప్పున చేశాడు. ఒకనాడు ఫోను చేసి, "అన్నీ వస్తున్నాయి గానీ నాదంటూ ఒక్కటీ రావడం లేదు" అన్నాడు. తర్వాత దాన్ని సగం ధరకు అమ్మేశాడు. తప్పు తన చెవిదేనని ఇప్పటికీ అనుకుంటున్నాడు. నాకు కోపమంతా అందుకే. వంటకం చెప్పినవాడికి ఏ నష్టమూ లేదు, మరుసటి రోజు ఇంకొకటి చెబుతాడు. ఇటువైపు ఒక మంచి చెవి తన మీద తనకు నమ్మకం పోగొట్టుకున్నది. సెకండ్ హ్యాండ్ ప్రకటనలలో 'కొద్దిగా వాడినది, కొత్తదానిలా ఉన్నది' అని కనబడిన ప్రతిసారీ ఇటువంటివాడే ఇంకొకడేమోనని నాకు గుచ్చుకుంటుంది.

రెండో పక్షం స్వేచ్ఛావాదులది. "నియమాలేమీ లేవు, తోచినచోట గుచ్చు, ఆనందించు" అంటారు వీరు. వీరిమీద నాకు కోపం తక్కువ, కనీసం వింటారు. కానీ ఈ యంత్రానికి జ్ఞాపకం లేదన్న సంగతి మరుస్తారు. మదర్-32 స్వరాల వరుసలను దాచుకుంటుంది గానీ, నాబ్‌లు ఎక్కడున్నాయో, తీగలు ఎక్కడున్నాయో దాచుకోదు. అర్ధరాత్రి పొరపాటున దొరికిన అద్భుతం, తీగలు పీకిన క్షణాన పోతుంది. అది ఎలా వచ్చిందో తెలిసినవాడే మళ్ళీ తెచ్చుకోగలడు.

మూడోవారు పెద్దమనుషులు. సెమీ మాడ్యులర్ అంటే వారికి చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలు. అసలైనవాళ్ళు అల్మరా కొనుక్కుంటారు, లేదంటే 2017లో వచ్చిన వి.సి.వి. ర్యాక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లోనే మొదలుపెడతారు అంటారు. డబ్బు లేనివారికి ఈ రెండో మార్గం మంచిదని ఒప్పుకుంటాను, దానితో చక్కగా నేర్చుకున్నవారున్నారు. అయితే ఆ ఖాళీ ర్యాక్‌లో ముందే వేసిన సంబంధం ఒక్కటీ లేదు. తీగ గుచ్చనిదే శబ్దం లేదు కనుక, మొదటి రోజే వంటకం వెతుక్కోక తప్పదు. ముందు విని తర్వాత గుచ్చే అవకాశం ఇచ్చేది సెమీ మాడ్యులర్ ఒక్కటే. దాని సగంతనమే దాని గొప్ప.

చివరిది మన ఇంటి అభ్యంతరం. "ఇదంతా తెల్లవాళ్ళ ఆట, మనకెందుకు?" అనేవారికి రెండు మాటలు. 1969లోనే అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ ఆధ్వర్యంలో ఒక మోగ్ మాడ్యులర్ నెలకొన్నది. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా దానిమీద పనిచేశారు. ఆ టేపులను పాల్ పర్గస్ వెలికితీయగా 2023లో అవి ఆల్బముగా వచ్చాయి. విని చూడండి. వంటకాల వీడియోలు లేని కాలంలో, యంత్రమూ చెవీ మాత్రమే ఉన్నవారు ఏం చేశారో వినపడుతుంది.

రెండవ మాట. మన ఆకాశవాణి హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా నిషేధించింది. మీటకూ మీటకూ మధ్య ఉన్న చోటును అది పలకలేదని, గమకం అందులో ఇమడదని అప్పటి పెద్దల వాదన. ఆ వాదన సబబో కాదో గానీ, ఇంతటి పట్టింపు ఉన్న జాతి తర్వాత ఏం చేసింది? పెళ్ళి ఆర్కెస్ట్రా నుంచి గుడి భజన దాకా అంతటా కీబోర్డును తెచ్చి పెట్టుకున్నది. అందులోనూ వెతికేది టోన్. 'వీణ టోన్ ఉందా, సన్నాయి టోన్ ఉందా' అని అంగట్లో అడిగి కొంటాం. శబ్దమంటే ఎవరో తయారుచేసి అంకె వేసి పెట్టిన సరుకన్న భావన మనకు అంతగా ఒంటబట్టింది. ఆ అలవాటుతో సెమీ మాడ్యులర్ ముందు కూర్చున్నవాడు తీగల వంటకాన్ని కూడా టోన్ నంబరులాగే వాడుకుంటాడు. మీటల మధ్య చోటును మిల్లీవోల్టు చొప్పున పలికించగల యంత్రం చేతికొచ్చాక మళ్ళీ టోనే వెతుకుతామంటే, ఆనాడు హార్మోనియాన్ని బయటికి నెట్టినవారు మనల్ని చూసి నవ్వరూ?

నెలరోజులు మరీ ఎక్కువంటే పదిహేను రోజులకు దిగుతాను, అంతకంటే తగ్గను. ఈ పద్ధతితో విభేదించేవారు తప్పక రాయండి, నేను కాచుకునే ఉంటాను. ఒక్కటే షరతు. మీ వంటకం పంపేటప్పుడు ఏ తీగ ఎక్కడ గుచ్చారో రాసిన వాక్యం పక్కనే, అది గుచ్చగానే లోపల ఏది తెగిందో, ఏది తెగకుండా కూడిందో కూడా రాయండి.